నిస్సీ కుట్టు మిషన్, నిరుద్యోగ భృతి

సోమవారం పొద్దున కర్నూలులోని శివజ్యోతి డిటెక్టివ్ ఆఫీసుకు వచ్చిన అమ్మాయి కుర్చీలో కూర్చోకముందే ఏడ్చేసింది. పేరు నిస్సీ, ఊరు పత్తికొండ పక్కన. డిగ్రీ చదివినా ఉద్యోగం దొరక్క నిరుద్యోగ భృతి తీసుకుంటోంది. చేత్తో తిప్పే మిషన్ మీద జాకెట్లు కుట్టి నాలుగు రాళ్ళు సంపాదిస్తోంది. ఆ రెండూ కలిస్తేనే తల్లీకూతుళ్ళ పొయ్యి వెలుగుతుంది.

"శనివారం పరీక్ష రాయనీకి ఈడికొచ్చినా మేడం. నిన్న సాయంత్రం ఇంటికి పోతే మిషన్ లేదు. మా వీధి టైలరు లేవి పనే. 'భృతి తింటా దొంగతనంగా కుడతాండావు, ఆఫీసులో చెప్తా' అని మొన్న మా ఇంటి ముందర అరిచినాడు. పోలీసుకు చెప్తానంటే అమ్మ వద్దంటాంది. మీరు తేల్చకుంటే రేపు వాని మీద కేసు పెడతా."

"కుడతావని భృతి ఆఫీసులో చెప్పినావా?" శివజ్యోతి అడిగింది.

"మొదట్లోనే చెప్పినా. రాబడి తక్కువైతే తప్పు లేదన్నారు. బుధవారం ఆఫీసోళ్ళు ఇల్లు చూడనీకి వస్తారు."

"తప్పు లేదన్న మాట అమ్మకు తెలుసా?"

"ఆ రూల్సన్నీ అమ్మకెందుకని చెప్పలేదు మేడం."

శివజ్యోతి ఒకప్పుడు బీమా కంపెనీలో క్లెయిముల నిజానిజాలు తేల్చిన మనిషి. సహాయకుడు ఓబులేసు డోన్‌లో రైల్వే గార్డుగా రిటైరయ్యాడు. వయసులో ఆమెకంటే చాలా పెద్ద. అయినా ఆమె బుర్ర ముందు తన బుర్ర దిగదుడుపేనని టీకొట్టులో కూడా చెప్పుకుంటాడు.

మధ్యాహ్నానికి ముగ్గురూ ఊరు చేరారు. ఇల్లు చర్చి గోడకు ఆనుకునే ఉంది. తాళం చెక్కుచెదరలేదు. సగం కుట్టిన జాకెట్టు నీటుగా మడతపెట్టి ఉంది. మిషన్ సూదిని ఊడదీసి దారపు ఉండకు గుచ్చారు. తల్లి రాహేలమ్మ దొంగను ఒక్క తిట్టయినా తిట్టలేదు.

"పోయింది పోయినట్లే తల్లీ. తిరిగి అడగరాదు," అంది కళ్ళు దించుకుని.

నిస్సీని ఇంట్లోనే ఉంచి, లేవి అంగడి ముందు నుంచి నడుస్తూ పోయారు. పిడికి నీలం గుడ్డ చుట్టిన మిషన్ వీధి వైపే పెట్టి ఉంది. నిస్సీ చెప్పిన గుర్తు అదే. దాని పీట సందుల్లో జొన్నగింజలు ఇరుక్కున్నాయి.

"దొంగ దొరికినాడమ్మా," అన్నాడు ఓబులేసు.

"దొంగసొత్తును ఊరందరికీ కనబడేటట్లు పెట్టుకుంటాడా అన్నా? జొన్నలు యాడ అంటుకున్యాయో చూద్దాం రా."

వచ్చేటప్పుడు చర్చి వాకిట జొన్నలు రాలి ఉండడం ఆమె గమనించింది; నేరుగా అక్కడికే నడిచింది. పక్కగదిలో నేలంతా జొన్నలు, మూలన రెండు గుమ్మడికాయలు. సంఘ పెద్ద హెన్రీ ఊడుస్తున్నాడు. నిన్న కోత పండుగ అట. ఎవరి ఇంట్లో ఉన్నది వాళ్ళు ముందురోజే కానుకగా తెచ్చి ఆ గదిలో పెడతారు. ఆరాధన కాగానే వేలం వేస్తారు.

"ఏది ఎవరు తెచ్చిందీ అడగరా?"

"అడగమమ్మా. కుడిచేయి ఇచ్చింది ఎడమచేతికి తెలియగూడదు గదా."

శివజ్యోతి అందరినీ ఆ గదికే పిలిపించింది. లేవిని మిషన్‌తో సహా రమ్మంది. దాన్ని చూడగానే నిస్సీ అతని మీదికి పోబోతే ఓబులేసు అడ్డం నిలబడ్డాడు.

"ఈడ దొంగతనమే జరగలేదు," అంది శివజ్యోతి. "తాళం తీసింది తాళంచెవి ఉండే మనిషి. దొంగకు ఇంకొకరి జాకెట్టు మడతపెట్టే ఓపిక ఉండదు. దొంగ ఎత్తుకుపోయిందాన్ని తిరిగి అడగరాదని ఎవరూ అనరు. దేవునికి పోయిందాన్నయితే అంటారు. పెద్దమ్మా, మిగిలింది నువ్వే చెప్పు."

రాహేలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆఫీసోళ్ళ కంట్లో పడితే పాప భృతి పోతాదని భయపడితి. శనివారం నెత్తిన పెట్టుకొచ్చి జొన్న మూటల ఎనక దాచినా. వాళ్ళు వచ్చిపోయినాక తెచ్చుకుందామనుకుంటి. హెన్రీయన్న నా కండ్ల ముందరే వేలం వేసినాడు. నాదంటే దేవుని చేతిలోది గుంజుకున్నట్లయితాదని నోరు రాలేదు. పాడుకున్న లేవి ఏం తప్పూ చేయలా."

బిడ్డ అన్నం కాపాడబోయి ఆ అన్నమే వేలంలో పోతుంటే మాట్లాడక కూర్చున్న ఆ తల్లికి ఓబులేసు మంచినీళ్ళు అందించాడు.

"ఆఫీసులో మొదట్లోనే చెప్పినానమ్మా, కుట్టినా భృతి పోదన్నారు," అంది నిస్సీ. ఎవరి మీదా కోపం తెచ్చుకోలేకపోయింది.

"దాచింది కానుక కాదు పెద్దమ్మా," అంది శివజ్యోతి. హెన్రీ తలూపి, లేవి దుడ్లు లేవికి ఇచ్చేస్తామన్నాడు.

లేవి తల ఎత్తలేదు. "నేనూ డిగ్రీ చదివినోన్నే. పని చేసేటోళ్ళకు ఇయ్యరనుకొని భృతి అడగనే ల్యా. నా రాబడీ అంతంతమాత్రమే. నీకు వస్తాంటే కడుపు మండి అరిచినా పాపా."

మిషన్‌ను తనే ఎత్తుకుపోయి నిస్సీ ఇంట్లో దించాడు. దించినా కదల్లేదు. గడప దగ్గర నిలబడి, గొంతు తగ్గించి అడిగాడు.

"బుధవారం ఆఫీసోళ్ళొచ్చినప్పుడు నన్ను గూడా పిలుస్తావా?"

పొద్దున కేసు పెడతానన్న పిల్ల ఫోన్ తీసింది.

"బుధవారం దాకా ఎందుకన్నా?" అంది. "లోపలికొచ్చి కూర్చో. భృతికి నీ పేరు ఇప్పుడే ఎక్కిద్దాం."