గడువు దాటిన పిలుపు

బుధవారం పొద్దున ఆరున్నరకు మధుకర్ చాయ్ కప్పు పక్కన పెట్టుకుని, ఫోన్ చూసుకుంటూ తనలో తానే మురిసిపోతున్నాడు. శుక్రవారం గృహప్రవేశం. దానికోసం ఫోన్లో రాసుకున్న పనులు అరవై మూడు. అందులో యాభై ఎనిమిదికి టిక్కు పడింది. మిగతా ఐదూ శుక్రవారం నాడు చేయాల్సినవే.

మధుకర్ జనగామలో ఒక ఆఫీసులో సూపరింటెండెంట్. రెండు నెలల క్రితం పనులను ఫోన్లో పెట్టుకుని ఎలా చక్కబెట్టుకోవాలో వాళ్ళకు ఒకరోజు శిక్షణ ఇచ్చారు. తోటివాళ్ళంతా మధ్యాహ్నం భోజనంతోనే ఆ సంగతి మర్చిపోయారు. మధుకర్ మాత్రం దాన్ని భద్రంగా ఇంటికి తెచ్చాడు. భార్య ప్రియదర్శిని ఫోన్లో, కూతురు అక్షిత ఫోన్లో, చివరికి చుట్టాల ఫోన్లలో కూడా ఆ యాప్‌ను ఎక్కించాడు. ఇక ఎవరి పని వాళ్ళకు గంట కొట్టి మరీ గుర్తుచేస్తుంది. ఉప్మా ఏడుంబావుకి, చెట్లకు నీళ్ళు ఏడున్నరకి. అక్షిత పళ్ళు తోముకున్నాక టిక్కు పెట్టకపోతే తోముకోనట్టే లెక్క.

ప్రియదర్శిని దీనికి తనదైన ఉపాయం కనిపెట్టింది. పొద్దున లేవగానే ఆనాటి పనులన్నిటికీ వరసగా టిక్కులు పెట్టేసి, ఆ తర్వాత తనకు తోచినట్టు తాను చేసుకుంటుంది. ఆ టిక్కులు చూసి ఆయనకు సంతోషం, మాట పడకుండా ఆమెకు సుఖం. అలా కాపురం సజావుగానే సాగుతోంది.

ఇంతలో ఫోన్ టింగుమంది. పచ్చటి వరసల మీద ఒక ఎర్రటి వరస వచ్చి కూర్చుంది.

'అక్కను పిలువాలె. బాధ్యత: మధుకర్. గడువు: పోయిన నెల పదో తారీఖు. పని అప్పగించినవారు: రాజమణి.'

మధుకర్ కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాడు. రాజమణి అతని సొంత అక్క, బచ్చన్నపేటలో ఉంటుంది.

"గిదేంది, అక్క నాకు పని పెట్టింది?" అన్నాడు వంటింట్లోకి వినబడేలా.

ప్రియదర్శిని గరిటె పట్టుకునే వచ్చి ఆ వరస చదివింది. ఆమె ముఖం మాడిపోయింది.

"వదినెను ఇంక పిలువలేదా మీరు?"

"పిలిచినట్టే. పాలు పొంగిచ్చే పని ఆమె పేరు మీదనే పెట్టిన. ఆమె 'సరే' అని నొక్కింది. సరే అన్న మనిషిని మళ్ళ పిలుచుడేంది, ఒక్క పని రెండుసార్లు అయితదని ఆ పిలుపు తీసేసిన."

"తీసేసిన్రా? అక్కది అయిపోయిందన్నరు. ఆఫీసు పనిమీద అటు పోయి పిలిచొచ్చిన్రేమో, నన్ను తీస్కపోలేదేందని నేను మనసుల పెట్టుకున్న."

"ఫోన్ల అయిపోయినట్టే ఉండె మరి."

ప్రియదర్శిని గరిటె పట్టుకునే కుర్చీలో కూలబడింది. ఆ వైపు ఇళ్ళలో ఏ శుభకార్యమైనా ఇంటి ఆడబిడ్డకే మొదటి పిలుపు. భార్యాభర్తలిద్దరూ వెళ్ళి, బొట్టు పెట్టి, చీర పెట్టి పిలవాలి. కొత్త ఇంట్లో పాలు ఆమె చేతి మీదుగానే పొంగాలి. టెంటువాణ్ణీ వంటవాళ్ళనూ పదిసార్లు పిలిచిన మనిషి, తోడబుట్టినదాన్ని పిలవకుండా పనికి మాత్రం పురమాయించాడు.

"ఆమె రాకుంటె పాలెవరు పొంగిస్తరు? నీ ఫోనా?" అంది ప్రియదర్శిని. కోపంలో మీరు కాస్తా నువ్వయింది.

మధుకర్ అక్కకు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మూడోసారికి బావ మహీధర్ ఎత్తాడు. ఆయన రిటైరైన తెలుగు పంతులు.

"మీ అక్క మాట్లాడదంట బామ్మర్దీ. పని ఇంక ప్రారంభం కాలేదని చెప్పమన్నది," అని పెట్టేశాడు.

గంటలో బయల్దేరారు. చీర, పండ్లు, పూలు ఏమేం పట్టుకెళ్ళాలో రాసుకుందామని మధుకర్ అలవాటుగా ఫోన్ తీశాడు. ప్రియదర్శిని దాన్ని చేతిలోంచి లాగి బియ్యం డబ్బాలో వేసి మూత బిగించింది. "ఇయ్యాల తలకాయతోని పని చెయ్యున్రి," అంది. అక్షిత నవ్వు ఆపుకోలేక నీళ్ళ గదిలోకి పరుగెత్తింది.

బచ్చన్నపేటలో రాజమణి వాకిట్లో పత్తి ఆరబోస్తోంది. తమ్ముణ్ణి చూసి రమ్మనలేదు, కూర్చోమనలేదు.

"పత్తి మీద కాలు పెట్టకు. నిలవడు అక్కడనే," అంది.

మధుకర్ నిలబడ్డాడు. ఆమె నడుముకు దోపుకున్న ఫోన్ తీసి భర్తకు ఇచ్చింది. "సదువు. మొదటి సంది సదువు."

మహీధర్ గొంతు సవరించుకుని, పిల్లలకు పాఠం చెప్పినట్టు మొదలుపెట్టాడు. "'రాజమణి గారూ, మధుకర్ మీకు ఒక పనిని అప్పగించారు. పని పేరు: పాలు.' ఇది మొదటిది. 'రాజమణి గారూ, మీ పని ఇంకా ప్రారంభం కాలేదు.' ఇది దినానికి మూడుసార్లు వస్తది. 'మీకు మూడు రోజుల గడువు మిగిలి ఉంది.' ఇది నిన్నటిది."

"మరి సరే అని నొక్కినవ్ కదక్కా," అన్నాడు మధుకర్ సన్నగా.

"పత్తి రేటు చూసుకుందామంటె అడ్డమొచ్చి కూసున్నది. ఏది నొక్కితె పోతదో అది నొక్కిన. సదువయ్యా, ఆ కిందిది గూడ సదువు."

మహీధర్ ఒక క్షణం తటపటాయించాడు. "'ప్రాధాన్యం: మధ్యస్థం.'"

"టెంటుది?"

"అధికం."

"జనరేటర్‌ది?"

"అత్యధికం."

రాజమణి కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఇన్నవా ప్రియా? టెంటు ఎక్కువ, జనరేటర్ ఇంక ఎక్కువ. వీణ్ణి ఎత్తుకొని పెంచిన అక్క మధ్యస్థం." ఇప్పటిదాకా వెటకారంగా ఉన్న గొంతు చివరి మాట దగ్గర వణికింది. "నేను రాను తమ్మీ. ఆ జనరేటర్ తోటే పొంగిచ్చుకో."

ప్రియదర్శిని ఏదో చెప్పబోయింది కానీ మధుకర్ వారించాడు. జేబు తడుముకున్నాడు. చూసుకోవడానికి ఫోన్ లేదు, చెప్పాల్సిన మాట ఏ పట్టీలోనూ రాసి లేదు.

"నాకు చిన్నప్పటి సంది మతిమరుపే కదక్కా," అన్నాడు. "పదో తరగతి పరీక్షకు హాల్ టికెట్ మరిచిపోతే నువ్వే బస్సెక్కి తెచ్చినవ్. చెప్పులేసుకునుడు గూడ మరిచిపోయి ఉరికొచ్చినవ్. నా ఫీజు తారీఖులు, నా అంగీ గుండీలు, అన్ని నీ ఓణీ కొంగున ముళ్ళేసి ఉండె. నీ పెండ్లయి నువ్విటు వచ్చినంక నాకు గుర్తుచేసేటోళ్ళు లేరు. అప్పటి సంది రాసుకునుడే. కాగితాల మీద రాసిన, గోడల మీద రాసిన, ఇప్పుడు ఫోన్ల రాస్తున్న. ఏదన్న మరిచిపోతనేమోనని భయమక్కా. అన్ని రాసుకొని నిన్నే మరిచిపోయిన."

అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. యాభై ఏళ్ళ సూపరింటెండెంటు అరచేత్తో ముక్కు తుడుచుకున్నాడు.

రాజమణి వంగి పత్తిని ఒక పక్కకు జరిపి దారి చేసింది. "అప్పుడు గూడ ముక్కు ఇట్లనే తుడిచేటోడు," అంది భర్తతో. తర్వాత తమ్ముడితో, "లోపటికి రా. కాళ్ళు కడుక్కొని రా," అంది.

లోపల ఆమె తూర్పుముఖంగా పీట మీద కూర్చుంది. ప్రియదర్శిని సంచిలోంచి చీర తీసింది, పండ్లు తీసింది, పూలు తీసింది. ఆపై సంచి మొత్తం దులిపింది. మొగుడి వైపు చూసింది.

"కుంకుమ బరిణె?"

"నువ్వు పెట్టుకున్నవనుకున్న."

"మీరు తెస్తున్నరనుకున్న."

ఇద్దరూ తలలు దించుకున్నారు. బొట్టు పెట్టి పిలవడానికి బొట్టు లేకుండా వచ్చారు. మహీధర్ కిటికీలోంచి బయటకు చూస్తూ భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు. రాజమణి ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి పీట మీది నుంచి లేచింది. పూజ గదిలోకి వెళ్ళి తన బరిణె తెచ్చి మరదలి చేతిలో పెట్టి, మళ్ళీ వచ్చి కూర్చుంది.

"ఊఁ, పెట్టు ప్రియా. ఇంక వీని హాల్ టికెట్లు నేనే మోస్తున్న," అంది. నవ్వుతూనే ఉంది, కళ్ళు మాత్రం కారుతున్నాయి.

బొట్టు పెట్టాక మధుకర్ చేతులు జోడించాడు. "అక్కా, శుక్రవారం ఇంట్లకు పోతున్నం. అందరికంటె ముందు నువ్వు రావాలె. నువ్వొచ్చినంకనే మేం గడప దాటుతం."

శుక్రవారం పొద్దున కొత్తింట్లో రాజమణి చేతి మీదుగా పాలు పొంగి నాలుగు వైపులా పారాయి. ఇద్దరు చుట్టాలు దారి తప్పారు, అత్యధిక ప్రాధాన్యం ఉన్న జనరేటర్ రానే రాలేదు. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

హడావిడి తగ్గాక మధుకర్ గోడకు ఆనుకుని ఫోన్ తీశాడు. బియ్యపు నూక ఒకటి ఇంకా దాని అంచున ఉంది. 'అక్కను పిలువాలె' అన్న ఎర్రటి వరస మీద తృప్తిగా టిక్కు పెట్టాడు. వరస మాయమైంది. మరుక్షణం మళ్ళీ వచ్చి కూర్చుంది. గడువు: వచ్చే నెల మొదటి ఆదివారం. ఇంకోసారి నొక్కితే దాని తర్వాతి నెలకు జరిగింది.

"అక్షితా, గిది పాడైనట్టుంది చూడు బిడ్డా."

అక్షిత చూసి నవ్వింది. "పాడు కాలేదు డాడీ. అత్తమ్మ దీన్ని మార్చి, నెలనెలా మొదటి ఆదివారం వచ్చేటట్టు పెట్టింది."

మధుకర్ తలెత్తాడు. రాజమణి పొయ్యి దగ్గర గ్లాసుల్లో పాలు పోస్తోంది. తమ్ముడి వైపు చూడలేదు.

"దినానికి మూడుసార్లు గుర్తుచేస్తె ఎవలైనా నేర్చుకుంటరు," అంది. "ప్రాధాన్యం గూడ సదువుకో."

చదివాడు. 'అత్యధికం.' అక్షరాలు మసకబారాయి. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ వరసను వేలితో పట్టుకుని అన్నిటికన్నా పైకి జరపబోతుంటే, అక్క వచ్చి వేడి గ్లాసు అతని చేతిలో పెట్టింది.

"జరుపుదువుగాని తియ్యి. ముందు పాలు తాగు," అంది.