ఇనుముకు ప్రవేశం లేదు

"సాయంత్రం ఐదు లోపు సిటీ మొత్తం ఖాళీ చేయించాల్సి రావచ్చు," అన్నాడు పెద్దాయన.

డిపార్ట్‌మెంట్‌లో చీఫ్‌ని అందరూ పెద్దాయన అనే పిలుస్తారు. ఆయన ఎదురుగా ఏజెంట్ ముంగిస కుడికాలు బారజాపుకుని కూర్చున్నాడు. మర్యాద తెలియక కాదు, కాలు వంచితే తొడలో నొప్పి. సరిహద్దు మిషన్‌లో పేలిన బాంబు తాలూకు ఇనుప ముక్క ఒకటి ఆ తొడలోనే కాపురం పెట్టింది. ఆపరేషన్ చేయించుకుంటానని అర్జీ పెడితే, ఆ ఫైలు ఒక సెక్షన్ నుంచి ఇంకో సెక్షన్‌కి కాలికి బలపం కట్టుకుని తిరుగుతోంది. దేశం కోసం ప్రాణం ఇవ్వడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు గానీ, దేశం కోసం మింగిన ఇనుము కక్కడానికి మాత్రం అనుమతి కావాలట. ఆ విసుగు అతని మొహంలోంచి ఏ మారువేషంలోనూ పోదు.

"యుద్ధమా సార్?"

"భూకంపం."

పెద్దాయన బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. సిటీకి దూరంగా పచ్చికబయలు మధ్య ఒక భూ అయస్కాంత పరిశోధన కేంద్రం ఉంది. అక్కడి మాగ్నెటోమీటర్ నేల అయస్కాంత శక్తిలో వెంట్రుకవాసి మార్పు వచ్చినా గీత గీసి చూపిస్తుంది. కొన్నాళ్లుగా ఆ గీత వేళాపాళా లేకుండా ఉబ్బెత్తుగా లేచి, మళ్లీ దిగుతోంది. కొన్ని పెద్ద భూకంపాలకు ముందు ఇలాంటివి కనబడ్డాయని కొందరంటారనీ, ఇదీ అదే కావచ్చుననీ అక్కడి సైంటిస్టు డాక్టరమ్మ రిపోర్టు పంపింది. కింద 'కావచ్చు' అని బయల్దేరిన మాట మంత్రిగారి టేబుల్ చేరేసరికి 'ఖాయం' అయి కూర్చుంది.

"ఇవాళ ఐదు లోపు గీత మళ్లీ లేస్తే సైరన్ నొక్కుతాం. లైవ్ ఫీడ్ నా స్క్రీన్ మీదకే వస్తుంది. అవతలి దేశం ముఠా ఆ పరికరాన్ని పగలగొట్టాలని చూస్తోందని చిలక కబురు తెచ్చింది. ఫీడ్ తెగిందా, దాడి జరిగినట్టే. అప్పుడూ సైరనే. నీ పని ఒకటే. ఐదుదాకా ఆ పరికరాన్ని కాపాడు."

చిలక అంటే డిపార్ట్‌మెంట్ ఆ ముఠాలోకి వదిలిన డబుల్ ఏజెంట్. అందగత్తె, మాటకారి. ఆమె తెచ్చిన కబురంటే పెద్దాయనకి వేదవాక్కు.

ముంగిస భయం భూకంపం గురించి కాదు, సైరన్ గురించి. చెల్లెలు సిటీ ఆసుపత్రిలో పై అంతస్తులో ఉంది. ఏడో నెల. మంచం దిగి కాలు కింద పెట్టినా బిడ్డ దక్కదని డాక్టర్లు చెప్పారు. ఇంతకుముందు రెండుసార్లు అలాగే పోగొట్టుకున్న పిల్ల. సైరన్ మోగితే లిఫ్టులు ఆపేస్తారు. స్ట్రెచర్ మీద పడుకోబెట్టి, తోసుకునే జనం మధ్య అన్ని మెట్లూ దింపాలి.

"నిజంగా వస్తుందా సార్? ఖాయమేనా?"

పెద్దాయన పూర్వాశ్రమంలో వైర్‌లెస్ ఆపరేటర్. విసుగొస్తే నోటితో మాట్లాడడు, పెన్సిల్‌తో టేబుల్ మీద మోర్స్ కోడ్ కొడతాడు. ఇప్పుడూ పొట్టి దెబ్బలూ పొడుగు దెబ్బలూ కలిపి టకటకా కొట్టాడు. ముంగిస చెవికి అది స్పష్టంగా వినిపించింది. 'వాగకు. బయల్దేరు.'

కేంద్రం గేటు మీద పెద్ద బోర్డు: ఇనుముకు ప్రవేశం లేదు. దాని కింద స్టూలు, స్టూలు మీద ఎర్ర ప్లాస్టిక్ బేసిన్. పక్కన తెల్లజుట్టు డాక్టరమ్మ, బట్టతో కట్టుకునే చెప్పులతో.

"ఉన్నదంతా ఇందులో వెయ్యి నాయనా," అంది.

పిస్తోలు వేశాడు. బెల్టు బకిల్‌లో దాచిన బీకన్ వేశాడు. ట్రాన్స్‌మిటర్ పెన్ను, వైరు ఉరి దాచిన వాచీ, కత్తి ఉన్న బూటు మడమ, ఫోను, కారు తాళాలు అన్నీ వేశాడు. చివరికి ప్యాంటు జారిపోకుండా ఒక చేత్తో పట్టుకుని, సాక్సులతో నిలబడ్డాడు. ముఠాల గుండెల్లో నిద్రపోయే ఏజెంట్ పరిస్థితి అది. డాక్టరమ్మ జాలిపడి ఒక నూలుతాడు ఇచ్చింది.

"ఇంకేమైనా ఉందా?"

"తొడలో ఉంది. అది రాదు."

ఆమె పరికరం ఉన్న చెక్క గదికేసీ అతని కాలికేసీ మార్చి మార్చి చూసింది. గది చుట్టూ తెల్లరాళ్లు పేర్చి ఉన్నాయి. రాళ్లు దాటి లోపలికి రావద్దంది. వస్తే ఏమవుతుందో ఒకసారి రప్పించి చూపించింది కూడా. అతను గది గోడ దగ్గర నిలబడగానే స్క్రీన్ మీద గీత చిన్నగా పైకి లేచింది, వెనక్కి జరగ్గానే దిగింది.

"ఇదీ నువ్వు," అంది.

కాపాడమని పంపిన వస్తువు దగ్గరికి పోకుండా ఎలా కాపాడాలో తెలియక ముంగిస ఒళ్లు మండిపోయింది. రాళ్ల బయట కూర్చుని, ఆమెను కూడా అదే ప్రశ్న అడిగాడు. వస్తుందా, రాదా? రాళ్ల మీద ఒత్తిడి పెరిగితే వాటిలో సన్నటి కరెంటు పుడుతుందని, ల్యాబ్‌లో అది చూశామని ఆమె చెప్పింది. భూమి లోతుల్లో అంత కరెంటు పుడుతుందా, పుట్టినా పైదాకా వస్తుందా అన్న దగ్గరే తగువంతా. ముందు గీత లేచి తర్వాత భూమి కదిలిన సందర్భాలు చెబుతారు. గీత లేచి ఏమీ కాని సందర్భాలూ బోలెడు.

"అయితే వస్తుందా?"

"చెప్పలేను నాయనా."

ఇంకా నయం, పెన్సిల్‌తో కొట్టలేదు. అతను ఆఫీసు గదిలోని ల్యాండ్‌లైన్ నుంచి చెల్లెలికి ఫోన్ చేశాడు. పైకప్పు కేసి చూసి చూసి పగుళ్లన్నీ కంఠస్థం వచ్చేశాయని ఆ పిల్ల నవ్వింది. సాయంత్రం వస్తావా అన్నయ్యా అని అడిగింది. అతను మంచం దిగొద్దని చెప్పి ఫోన్ పెట్టేశాడు. కదిపితే బిడ్డ పోతుంది. భూకంపం నిజమై కదపకపోతే ఇద్దరూ పోతారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏది నుయ్యో ఏది గొయ్యో చెప్పే నాథుడు లేడు.

నాలుగు దాటాక చిలక కారు వచ్చి ఆగింది. నల్ల కళ్లద్దాలు, మెడలో స్కార్ఫు, పది అడుగుల ముందే పలకరించే సెంటు. ఐదుదాకా తోడుండమని పెద్దాయన పంపాడంది. ఈ చోటు ఎక్కడుందో తెలియక దారంతా అడుగుతూ వచ్చానని, ఇలాంటి చోట ఒకటుందనే ఇన్నాళ్లూ తెలియదని నవ్వుతూ చెప్పింది.

డాక్టరమ్మ బేసిన్ చూపించింది. చిలక చేతులు చాపి నిలబడింది. వెయ్యడానికి ఏమీ లేదు. కారు తాళం కారులోనే వదిలేసింది. అద్దాల ఫ్రేము ప్లాస్టిక్. కోటుకి చెక్క గుండీలు. చెప్పులు గుడ్డవి. జుట్టు రిబ్బనుతో ముడేసింది.

"ఇంత పద్ధతైన మనిషిని ఇదే చూడ్డం," అని డాక్టరమ్మ మురిసిపోయింది. తొలిసారి వచ్చినవాళ్లు కనీసం ఒక పిన్నైనా రాల్చకుండా ఆ గేటు దాటలేదట.

ముంగిస మురిసిపోలేదు. ఎనిమిది మిషన్లు ఆమెతో చేశాడు. తలలో పిన్ను కెమెరా, మడమలో సూది, పెదాల రంగు గొట్టంలో తూటా లేకుండా ఆమె గడప దాటి ఎరగదు. దారి కూడా తెలియని మనిషి, ఇక్కడి పద్ధతి ఇంత బాగా తెలుసుకుని ఎలా వచ్చింది? ఇదివరకే డిపార్ట్‌మెంట్ పని మీద వచ్చి ఉండాలి, తన కాలికే లేచే గీత ఎవరైనా నేలలో ఇనుము పాతితే లేవదా? ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి దగ్గర ఆ బేసిన్ లేదు కాబోలు.

అతను ఆఫీసులోకి వెళ్లి పెద్దాయనకి ఫోన్ చేశాడు.

"సార్, ఇక్కడ నేలలో మనదేమైనా పాతిపెట్టి ఉందా?"

"అది నీ క్లియరెన్స్‌కి మించిన ప్రశ్న."

"లేదు అని చెప్పండి సార్, చాలు."

అవతల పెన్సిల్ రెండుసార్లు మోగింది, ఫోన్ పెట్టేసిన చప్పుడు వినబడింది. లేదు అనలేదు కాబట్టి ఉంది. చిలక సంగతి చెబుదామని మళ్లీ నంబరు తిప్పబోతే లైను మూగబోయింది. బయటికి పరిగెత్తేసరికి చిలక లేదు, కారు లేదు, స్టూలు మీద బేసిన్ కూడా లేదు. పిస్తోలు, ఫోను, ట్రాన్స్‌మిటర్, తన కారు తాళాలు అన్నీ కట్టగట్టుకుని పోయాయి. అతని నోటి నుంచి వచ్చిన మాట డాక్టరమ్మ విననట్టు నటించింది.

అతను సంగతంతా గబగబా చెప్పాడు. ఆమె ఇత్తడి దిక్సూచి ఒకటి తెచ్చింది. అతని కాలు పక్కనుంటే సూది తప్పుతుంది కాబట్టి ఆమే దాన్ని పట్టుకుని గది చుట్టూ నడిచింది, అతను రాళ్ల బయటి నుంచి గొంతు చించుకున్నాడు. గది వెనక గడ్డి కొత్తగా మొలిచిన చోట సూది గిర్రున తిరిగింది. అక్కడ పార కూడా ఉండదు కదా, చెక్క పలకతో, చేతులతో తవ్వారు. గోళ్లు విరిగాక ఉక్కు మూత తగిలింది. దాని మీద డిపార్ట్‌మెంట్ స్టోర్ ముద్ర, బలమైన తాళం.

"ఇదేమిటి?"

"మా నిఘా పెట్టె."

"నాకు చెప్పకుండా పెట్టారా?"

"మీకు క్లియరెన్స్ లేదు."

"నీకుందా?"

"నాకూ లేదు."

డాక్టరమ్మకి అప్పుడు గుర్తొచ్చింది. ఆమధ్య అడగకుండానే గదికి రంగులు వేయిస్తామని మనుషుల్ని పంపారు, పరికరం రెండు రోజులు ఆపించారు. ప్రభుత్వానికి బుద్ధొచ్చిందని సంతోషపడిందట. అంతలో పెట్టెలోంచి సన్నగా గుయ్యిమని మోత మొదలైంది. ఎక్కడో దారిలో చిలక బటన్ నొక్కింది. గదిలో స్క్రీన్ మీద గీత నెమ్మదిగా పైకి లేస్తోంది.

ఆమె గడ్డి మీదే కూలబడింది.

"ముప్పై ఏళ్లు ఎదురుచూశాను నాయనా. వచ్చిందనుకున్నాను. ఉక్కు పెట్టెకి మురిసిపోయాను. ఇవాళ సైరన్ మోగి ఏమీ కాకపోతే 'నాన్నా పులి' కథే. రేపు నిజంగా గీత లేచిననాడు నా మాట ఎవరు వింటారు?"

ముంగిస తాళాన్ని పలకతో బాదాడు. పలక విరిగింది. ఫీడ్ కేబుల్ తెంచితే దాడి అనుకుని సైరన్ నొక్కుతారు. తెంచకపోతే గీత చూసి నొక్కుతారు. ఊళ్లోకి కుంటుకుంటూ పోయేసరికి చెల్లెలు మెట్ల మీద ఉంటుంది. ఇంత పెద్ద డిపార్ట్‌మెంట్, ఇన్ని వైర్లు, ఒక్క ముక్క పైకి చెప్పే దారి లేదు. అతనికి ఏడుపొచ్చినంత పనైంది. కోపం పట్టలేక కుడి తొడ మీద ఫట్టున కొట్టుకున్నాడు. కొట్టుకున్న చెయ్యి అక్కడే ఆగింది.

"అమ్మా, ఇందాక నేను గోడ దగ్గరికొస్తే గీత లేచింది కదూ? అది పెద్దాయన స్క్రీన్ మీద కూడా కనబడుతుందా?"

"ఉన్నదున్నట్టు," అంటూనే ఆమె లేచి నిలబడింది. "నేను స్క్రీన్ చూసి చెబుతాను. నువ్వు నడువు."

ముంగిస తెల్లరాళ్లు దాటాడు. గోడకి తొడ ఆనించి వెంటనే వెనక్కి గెంతితే పొట్టి దెబ్బ. ఆనించి నిలబడితే పొడుగు దెబ్బ. 'ఆపు' అన్నాడు కాలితో. నొప్పి నడుందాకా పాకింది. డాక్టరమ్మ కిటికీలోంచి కనబడుతోంది, కనబడుతోంది అని చెబుతూనే ఉంది. పెట్టె లేపుతున్న పెద్ద గీత మీద చిన్న చిన్న పళ్లు పడుతున్నాయి. ఆ పళ్లు పెద్దాయన పిచ్చిగీతలనుకుంటే? రెండో మాట ఏదై ఉండాలో అతనికి తట్టింది. తనకి తెలియకూడని మాట. 'పెట్టె'. కొట్టాడు. 'చిలక'. కొట్టాడు. చివర్లో తన పేరు సగం కొట్టేసరికి కాలు మడతపడి గోడ కింద జారిపోయాడు.

ఐదైంది. ఇద్దరూ సిటీ వైపు చెవులు పెట్టి కూర్చున్నారు. గాలి తప్ప ఏమీ వినబడలేదు. డాక్టరమ్మ అతని చెయ్యి పట్టుకుంది. చాలాసేపటికి గానీ ఆ చెయ్యి వదల్లేదు.

పొద్దుగూకకముందే పెద్దాయన స్వయంగా వచ్చాడు. సైరన్ మీట మీద వేలు పెట్టినవాడు పెట్టినట్టే గీత చదివాడట. పెట్టె సంగతి తెలిసింది తనకీ చిలకకీ మాత్రమే. డాక్టరమ్మకి కూడా చెప్పొద్దని, అంత గోప్యంగా ఉండాలని సలహా ఇచ్చింది ఆ చిలకే. పెట్టెలో నిఘాకి పనికొచ్చేది మైకు ఒక్కటే. మిగతాదంతా గీతని లేపడానికి ఆమె పెట్టించిన బ్యాటరీలు, తీగచుట్టలు. సిటీ ఖాళీ కాగానే డిపార్ట్‌మెంట్ కోడ్ పుస్తకాలున్న భవనంలోకి దూరడానికి ముఠా మనుషులు అంబులెన్స్ బట్టల్లో సందు చివర కాచుకుని ఉంటే పట్టుకొచ్చారు. చిలకని సరిహద్దు రోడ్డు మీద పట్టుకున్నారు. ఆమె ఎత్తుకుపోయిన బేసిన్‌లో బకిల్ బీకన్ దారిపొడవునా కూస్తూనే ఉందట. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన సామాన్లలో ఒకటి పనిచేయడం ముంగిస సర్వీసులో అదే మొదలు.

పెద్దాయన పొగడలేదు, క్షమాపణ చెప్పలేదు. కోడ్ స్పీడు బాగా తగ్గిందని మాత్రం అన్నాడు.

ఆయన ఫోను లాక్కుని ముంగిస చెల్లెలికి చేశాడు. ఇవాళంతా ఏం జరగలేదనీ, బోరు కొట్టి చచ్చిపోతున్నాననీ ఆ పిల్ల గునిసింది. ఏం జరగలేదన్న మాట ఇంకోసారి చెప్పమన్నాడు. చెప్పింది. అతను మొహం అటు తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు.

వెళ్లేముందు చెక్క గదిలోకి తొంగిచూశాడు. బ్యాటరీలు పీకేశారు, గీత చదునుగా పోతోంది. డాక్టరమ్మ మళ్లీ దాని ముందు కూర్చుంది.

"నిజంగా ఎప్పటికైనా చెబుతుందా అమ్మా ఇది?"

"చెప్పలేను నాయనా," అంది, కళ్లు తిప్పకుండా. ఈసారి ఆ మాటకి అతనికి కోపం రాలేదు.

నెల తిరిగేలోపు తొడ ఆపరేషన్ ఫైలు మీద ఎట్టకేలకు సంతకం పడింది. సదరు ఇనుప ముక్క ద్వారా అధికారిక సందేశం పంపబడినందున దాన్ని డిపార్ట్‌మెంట్ కమ్యూనికేషన్ పరికరంగా స్టోర్ రిజిస్టర్‌లో ఎక్కించడమైనదని, ముందస్తు అనుమతి లేకుండా దాన్ని శరీరం నుంచి తొలగించరాదని రాసి ఉంది.