ఏడో రాయి దగ్గర టేపు

హైవే నుంచి క్వారీ ఊరికి చీలిన రోడ్డు అది. పన్నెండు కిలోమీటర్లు. అంతా గీత గీసినట్టు తిన్నగా పోతుంది... ఏడో రాయి దగ్గర మాత్రం ఉన్నట్టుండి మెలిక! అక్కడ ఎన్ని లారీలు బోల్తా కొట్టాయో లెక్కలేదు. చీకటి పడ్డాక ఎవడో కొలత టేపు పట్టుకుని నిలబడతాడని డ్రైవర్లు చెప్పుకుంటారు. విన్నది విన్నట్టే చెబుతున్నా.

ముప్పయ్యేళ్ల కిందట ఆ రోడ్డును తిన్నగానే గీశారు. ఒక పెద్దమనిషి గోదాము అడ్డొచ్చింది. రాత్రికి రాత్రి ఏడో రాయిని ఉన్నచోటే పూడ్చేసి, పక్కకు కొత్తది పాతారు. తెల్లారేసరికి, టేపు పట్టే కూలీ కంకర కుప్ప కింద శవమై కనిపించాడు.

"తాగి పడుకున్నాడు" అని రాసి పారేశాడు అప్పటి కుర్ర ఇంజనీరు. ఇప్పుడు ఆయనే పెద్దింజనీరు. ఆ కూలీ కూతురు ఆయన కిందే సర్వేయరమ్మ.

రేపు రోడ్డు వెడల్పు పని మొదలు. మెలిక మొదట్నుంచీ ఉన్నదేనని పొద్దున్నే ఆమె సంతకం పెట్టాలి. పాత రాయి ఈలోపు దొరికితే సరే, ఆ రాత్రి జరిగింది బయటపడుతుంది. లేదా... మెలికా ఉంటుంది, నాన్న మీద ఆ తాగుబోతు మచ్చా ఉంటుంది.

"ముళ్లపొదల్లో ఏముంటుందమ్మా, పాములు తప్ప?" ఆ రాత్రి ఏడో రాయి దాకా ఆమె వెంటపడి వచ్చిన పెద్దింజనీరు జీపులోంచే అన్నాడు.

"పాములు నాకు ఆఫీసులో అలవాటే సార్. దిగి ఈ టేపు పట్టుకోండి."

ఆయన అద్దం ఎక్కించేసుకున్నాడు.

ఆమె టేపు చుట్టను ఇప్పటి రాయికి తగిలించి, కొస పట్టుకుని పొదల్లోకి దిగింది. కొలత పనిలో దూరాన మనిషి కనబడడు, గాలి హోరులో కేక వినబడదు. టేపుతోనే మాట్లాడుకోవాలి. చిన్నప్పుడు వసారాలో పురికొసతో నాన్న నేర్పాడు. రెండు లాగుళ్లు... ఎడమకు జరుగు. ఒక్క గట్టి లాగుడు... ఆగు, అక్కడే. మూడు... నువ్వు వదిలెయ్, మిగతాది నేను చుట్టుకుంటా. ఆ ఇంట్లో ఇద్దరికే తెలిసిన భాష అది.

నలభై అడుగులు వేసిందో లేదో... టేపు బిగిసింది.

రెండు లాగుళ్లు.

జీపాయన దిగాడు కాబోలు అనుకుంది. మరి ఆయనకీ భాష ఎవరు నేర్పారు? అయినా ఎడమకు జరిగింది. మళ్లీ రెండు. మళ్లీ జరిగింది.

ఒక్క గట్టి లాగుడు.

మోకాళ్ల మీద కూలబడి మట్టి గీకింది. గోళ్లకు రాయి తగిలింది. టార్చి వేసి చూస్తే... ఉలితో చెక్కిన ఏడు!

"సార్, దిగారా?" గొంతు చించుకుని అరిచింది.

జీపు అద్దం కాస్త దిగింది. "నేనెక్కడ దిగానమ్మా... నువ్వే కదా ఇందాకట్నుంచీ లైట్ల వెలుగులో ఈ రోడ్డు రాయి దగ్గర నిలబడ్డావు?"

ఆమె చేతిలో టేపు మళ్లీ బిగిసింది. అప్పుడు... ఒకటి. రెండు. మూడు.

ఆమె పాత రాయి వైపు చూసింది. జీపు వైపు చూసింది. టేపు కొసను పిడికిట్లో ఒక్క క్షణం ఉంచుకుంది. వదిలేసింది.

టేపు ముళ్లలోంచి సర్రున పాక్కుంటూ పోయింది... ఇప్పటి రాయి దగ్గర ఆగలేదు. జీపు వైపు మళ్లింది.

"ఎవరది... ఎవడ్రా అది..."

జీపు లైట్లు ఆరిపోయాయి. ఆమె నాన్నను వెనక్కి పిలవలేదు.