ఆలస్యంగా తీసిన పలకలు

కోర్పి సరస్సుకి ఒకటే తూము. దానికి తొమ్మిది చెక్క పలకలు, ఒకదాని మీద ఒకటి. ముప్పై ఒక్క ఏళ్లు వాటిని వేసిందీ తీసిందీ నేనే. ఒడ్డు మీద ఇళ్లున్న వాళ్లందరికీ ఒక సంఘం ఉంది. నీళ్లు ఎంత ఎత్తున ఉండాలో సంఘం చెబుతుంది. నేను చేస్తాను. అక్టోబరు పదిహేనులోగా నాలుగు పలకలు తీయాలి, రెండు అడుగుల నీళ్లు దిగాలి. లేకపోతే చలికాలంలో మంచుగడ్డ ఉబ్బి అందరి పడవ రేవుల్నీ విరగ్గొడుతుంది. తీసేది గడ్డ కట్టకముందే తీయాలి. కట్టాక తీస్తే కింద నీళ్లు జారిపోయి, గడ్డ ఇంటి కప్పులా గాల్లో నిలబడుతుంది. పైనుంచి చూస్తే తేడా తెలియదు.

ఇదంతా నాకంటే బాగా తెలిసినవాడు ఆ ఒడ్డున లేడు. అందుకే నా తప్పుకి సాకు కూడా లేదు.

మా నాన్న నీటి అంచునే ఒక సౌనా కట్టాడు. దుంగలతో కట్టిన ఆవిరిస్నానం గది. నేనూ, మా తమ్ముడు రెయినో పుట్టింది అందులోనే. ఆ తప్పు జరిగిన ఏడు జూలైలో సంఘం మీటింగులో మార్లిస్ కాగితం తీసింది. ఆవిడ అధ్యక్షురాలు.

"మీ సౌనా నీటికి తొమ్మిది అడుగుల్లో ఉంది వాల్‌ఫ్రెడ్ గారూ. నిబంధన ఇరవై ఐదు."

"అది కట్టేనాటికి మీ నిబంధన పుట్టలేదు. మీరూ పుట్టలేదు."

అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. నవ్వుతూనే, సంగతి కమిటీకి అప్పగించాలనేవాళ్లు చేతులెత్తండి అంది. నా పక్క కుర్చీలోంచి రెయినో చెయ్యి లేచింది.

బయటికొచ్చాక నా వెనకే వచ్చాడు. "అన్నా, ముందు ఇంటికి పద. చెప్తాను."

"ఆ చెయ్యి ఎవరికోసం ఎత్తావో వాళ్ల ఇంటికే వెళ్లి చెప్పుకో. నా గడప తొక్కకు."

తొక్కలేదు. అంతకుముందు రోజూ నాలుగింటికల్లా వచ్చేవాడు. వాడిల్లు సరస్సుకి అవతలి ఒడ్డున. ఎండాకాలం పడవ మీద, చలికాలం గడ్డ మీద నడిచి. నేను మూడో తరగతితో బడి మానేసినవాణ్ణి. అంకెలు నాకు లొంగుతాయి, పొడుగు మాటలు లొంగవు. నా ఉత్తరాలు వాడే చదివేవాడు, ఏలకుల రొట్టె కాఫీలో ముంచుకుంటూ. చేదు కబురు ఉన్నచోట ఆగి గొంతు సవరించుకునేవాడు. మా అమ్మ పోయిన కబురు నాకు ముందు ఆ సవరింపులోనే తెలిసింది.

అక్టోబరులో సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. సౌనా పడగొట్టమనే అయ్యుంటుందనుకున్నాను. చదివించుకోవడానికి ఇంకొకడి ముందు నిలబడనా? విప్పకుండా గడియారం వెనక దోపాను. పలకలు కూడా ముట్టుకోలేదు. వచ్చి అడగనీ అనుకున్నాను.

ఎవరూ అడగలేదు. నవంబరు ఇరవైకి గడ్డ కట్టింది. డిసెంబరులో కొట్టు దగ్గర ఎవడో అన్నాడు, "తూము ముసలాయనకి మతిమరుపు మొదలైనట్టుంది." పక్కవాడు అన్నాడు, "వదిలెయ్, ఆయనకి కోపం తప్ప ఏదీ గుర్తుండదు."

ఆ మధ్యాహ్నమే కొక్కెం పట్టుకెళ్లి నాలుగు పలకలూ లాగేశాను. సరిగ్గా రెండు అడుగులు. అంగుళం తేడా రానివ్వలేదు. ఎవరికీ చెప్పలేదు.

నాలుగో రోజు... నాలుగున్నరకి చీకటి పడిపోయింది. పొయ్యి దగ్గర కూర్చున్నాను. సరస్సు మీద ఏదో విరిగిన చప్పుడు. చలికి గడ్డ విరగడం మామూలే. తరవాత వాడి గొంతు.

"అన్నా."

కదల్లేదు నేను. బతిమాలడానికి వచ్చాడనుకున్నాను. పిలవనీ అనుకున్నాను.

"అన్నా... తలుపు తియ్యి."

ఇంకోసారి పిలిస్తే తీద్దామనుకున్నాను. మళ్లీ పిలవలేదు.

పొద్దున్న నా రేవుకి పది అడుగుల్లో కన్నం. అంచున గుడ్డలో చుట్టిన రొట్టె.

కింద ఊట ఉండి గడ్డ పల్చబడిందనీ, రెయినో పోవడం ప్రమాదమనీ సంఘం పుస్తకంలో రాసుకుంది. నేను నోరు మెదపలేదు. ఒడ్డున ఎవరు పోయినా సంఘం అన్ని ఇళ్లకీ ఉత్తరం పంపుతుంది. "మన ఒడ్డున ఒక ఇల్లు తగ్గింది" అని మొదలుపెట్టి, ఆ తరవాత పేరు. రెయినో కూతురు సిల్వి ఆ ఉత్తరం పట్టుకొచ్చి నాకు చదివిపెట్టింది. వాళ్ల నాన్న పని తను అందుకుంది.

జనవరిలో మొదలైంది.

సంజవేళ సౌనా మెట్టు మీద కూర్చుంటే, గడ్డ మీద అడుగులు. మీద ఎవరూ లేరు. చప్పుడు కిందినుంచి... మడమలు గడ్డకి కిందివైపు తగులుతున్నట్టు. తలకిందులుగా నడుస్తున్నట్టు. నా రేవు దాకా వచ్చి ఆగాయి. పాచి నీళ్ల వాసన. అందులో ఏలకులు.

తరవాత గొంతు. నెమ్మదిగా, కూడబలుక్కుని...

"వాల్‌ఫ్రెడ్ కాంటోలా గారికి... మీ తమ్ముడి విన్నపం మీద..."

లోపలికి పోయి తలుపు గడియ పెట్టాను. మర్నాడు అదే. ఆ మర్నాడూ అదే. ఆరో రోజు గడియారం వెనక ఉత్తరం తీసి సిల్వి చేతికిచ్చాను. నా ముందే చించింది.

"వాల్‌ఫ్రెడ్ కాంటోలా గారికి. మీ తమ్ముడి విన్నపం మీద కమిటీ మీ సౌనాను నిబంధన నుంచి మినహాయించింది. బదులుగా ఆయన తన ఒడ్డులో అంత మేర ఏమీ కట్టకుండా వదిలేశారు. పలకలు ఎప్పటిలాగే మీరు తీయండి. గడ్డ కట్టేస్తే మాత్రం ఈ ఏడు ముట్టుకోకండి."

"అక్టోబరుది ఇది," అంది సిల్వి. "ఎందుకు విప్పలేదు పెదనాన్నా?"

నేను కాగితం తీసుకుని మళ్లీ గడియారం వెనక దోపాను. ఆ తరవాత వచ్చిన జూలై మీటింగులో లేచి అందరి ముందూ చెప్పాను. గడ్డ కట్టాక పలకలు తీశాను, వాడు పిలిస్తే లేవలేదు అని.

మార్లిస్ బల్ల మీద వేళ్లు సర్దుకుంది.

"ప్రమాదమని రాసేశాం వాల్‌ఫ్రెడ్ గారూ. ఇప్పుడు తిరగరాస్తే అందరం మళ్లీ దుఃఖపడాలి. కూర్చోండి."

"మార్చి రాయండి."

"కూర్చోండి," అంది మెల్లిగా.

నన్ను తిట్టి ఉంటే మర్చిపోయేవాణ్ణేమో. ఆ జాలి చూపినందుకు మాత్రం ఇప్పటికీ ఆవిడ మీద కోపం పెట్టుకునే ఉన్నాను. సిల్వి ఆ సాయంత్రం కూడా వచ్చింది. నా కప్పు కడిగి బోర్లించి, తూము తాళంచెవి తీసుకుని వెళ్లింది.

ఈ ఏడు పలకలు సిల్వి తీసింది, అక్టోబరు పదిన. గడ్డ నీళ్ల మీద పరుపులా కూర్చుంది. కింద ఖాళీ లేదు. నేనే అయిదు చోట్ల కన్నం వేసి చూశాను. అయినా సిల్వితో చెప్పాను, "గడ్డ మీద రాకు. రోడ్డు మీద రా."

"చుట్టూ మూడు మైళ్లు పెదనాన్నా. పలకలు నేనే కదా తీశాను. నా మీద నమ్మకం లేదా?"

"నీ మీద ఉంది."

పోయిన వారం... మళ్లీ అడుగులు. ఖాళీ లేని చోట. నీళ్లలోంచి. రేవు దగ్గర ఆగాయి.

"మన ఒడ్డున... ఒక ఇల్లు... తగ్గింది..."

ఆగాడు. గొంతు సవరించుకున్నాడు. అంతే.

అదే క్షణాన గడ్డ మీద దూరంగా దీపం. సిల్వి. నేను అరిచాను, వెనక్కి పొమ్మని. గాలి ఎదురుగా కొడుతోంది. కింద అడుగులు నా ఒడ్డు వదిలి దీపం వైపు వెళ్లాయి. దీపం ఆగింది. ఒక్కసారి కిందికి వంగింది... మళ్లీ కదిలింది.

వచ్చింది. తలుపు నేనే తీశాను. చేతిలో తడిసి ముద్దయిన కవరు.

"సంఘం నుంచి," అంది. పొయ్యి దగ్గర కూర్చుని విప్పింది. "మన ఒడ్డున ఒక ఇల్లు తగ్గింది..."

పేరు దగ్గర ఆగింది. వాళ్ల నాన్నలాగే గొంతు సవరించుకుంది. కాగితం మడిచి పొయ్యిలో వేసింది. తడి కాగితం చాలాసేపు బుసకొట్టింది.

"ఎవరు?" అన్నాను.

"కాఫీ తాగండి పెదనాన్నా."

రోజూ వస్తోంది. రోడ్డు మీదే వస్తున్నానంటోంది. ఈ చలికి రోడ్డు మీద మంచు పిండిలా పొడిగా ఉంది. ఆమె బూట్ల కింద మాత్రం ప్రతి సాయంత్రం నా నేల మీద నీళ్లు మడుగు కడుతున్నాయి. పాచి వాసన వేస్తున్నాయి.

నేనేమీ అడగడం లేదు. మొదటి పిలుపుకే తలుపు తీస్తున్నాను.