పెళ్ళయినవాళ్ళు మాత్రమే దిగవలెను

"బాగుంది" అన్నాను. అంతే. ఆ ఒక్క మాటతో మా తైపీ ప్రయాణం తలకిందులైంది.

పడవల పండుగ సెలవు. తైనాన్ నుంచి పొద్దున్నే రైలెక్కి, ఒక్క రోజులో రాజధాని చూసి రాత్రికి ఇంటికి చేరాలని మా ప్లాను. మా ప్లాను అంటే నేను ప్రేమించిన మాన్-చున్ ప్లాను. నా ప్లాను వేరే ఉంది. అది నా ప్యాంటు జేబులో చిన్న ఉంగరం డబ్బాలో ఉంది. కొండ మీది టీ దుకాణంలో కిటికీ పక్క టేబుల్ కూడా చెప్పి ఉంచాను. అక్కడ డబ్బా తీసి, అద్దం ముందు ప్రాక్టీసు చేసిన నాలుగు ముక్కలూ చెప్పాలి.

ఈలోగా తైపీ స్టేషన్ బయట ఒకావిడ పండుగ జొంగ్‌జీ రుచి చూడమని చేతిలో పెట్టింది. ఆకులో చుట్టిన అన్నం ముద్దే గానీ ఉత్తరాది తీరు. బియ్యం ముందే వేయించి, ఆవిరి మీద ఉడికించింది.

"ఏం బాగుంది?" మాన్-చున్ నడిరోడ్డు మీద ఆగిపోయింది. వాళ్ళ అమ్మమ్మ కట్టిచ్చిన జొంగ్‌జీల గుత్తి ఆమె భుజాన వేలాడుతోంది. నీళ్ళలో ఉడికించిన మా దక్షిణాది తీరు, అసలు సిసలు తైనాన్ సరుకు.

"ఏదో... ఫరవాలేదు అని."

"అలా అనలేదు నువ్వు. కళ్ళు మూసుకుని మరీ బాగుందన్నావు. మా అమ్మమ్మవి తినేటప్పుడు ఎప్పుడైనా కళ్ళు మూసుకున్నావా?"

"మీ అమ్మమ్మ ఎదురుగా కళ్ళు మూసుకునే ధైర్యం ఎవరికుంటుంది?"

నవ్వలేదు. మ్యూజియంలో నన్ను తప్ప అన్నిటినీ చూసింది. మధ్యాహ్నం కొండ మీదికి కేబుల్ కారు ఎక్కేసరికి ఆకాశమూ ఆమె మొహమూ ఒకే రంగులో ఉన్నాయి.

క్యాబిన్‌లో మా ఎదురుగా ఒక ముసలి జంట కూర్చున్నారు. ఆయన ఎక్కగానే కునుకు తీశాడు. ఆవిడ మాత్రం మమ్మల్నే చూస్తోంది.

"అన్నాన్ని వేయించి ఆకులో చుడితే అది జొంగ్‌జీ అయిపోతుందా?" అంటోంది మాన్-చున్.

"ఒప్పుకున్నాను కదా, నాదే తప్పు!"

"ఎందుకు తప్పో చెప్పు."

ముసలావిడ ముచ్చటపడిపోయింది. "మీ పెళ్ళయి ఎన్నాళ్ళయిందమ్మా?"

"మాకు పెళ్ళి కాలేదండీ."

"కాలేదా! తిండి మీద ఇంత పట్టుదలగా కొట్టుకుంటుంటే, నాలుగైదేళ్ళన్నా అయ్యుంటుందనుకున్నాను."

అప్పుడే ఉరిమింది. వాన క్యాబిన్ అద్దాలను బాదేస్తోంది. వాతావరణం బాగాలేదు, అందరూ వచ్చే స్టేషన్లో దిగిపోవాలని మైకులో చెప్పారు. వచ్చే స్టేషన్ గుడిది.

మాన్-చున్ కోపం ఎటు పోయిందో గానీ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆ గుడిలో ఉన్నది లూ తుంగ్-పిన్ స్వామి. ప్రేమలో దెబ్బతిన్న దేవుడు. జంటగా వచ్చిన ప్రేమికులను విడగొట్టి పంపిస్తాడని మా దగ్గర పసిపిల్లలకు కూడా తెలుసు. "ఎక్కడైనా తిరగండి, అక్కడ మాత్రం దిగకండర్రా" అని అమ్మమ్మగారు పొద్దున రైలు కదిలేదాకా చెబుతూనే ఉన్నారు. అసలే పొద్దున్నించీ మేం కొట్టుకుంటున్నాం. ఆ స్వామికి పని సగం చేసి పెట్టేశాం.

తలుపులు తెరుచుకున్నాయి. "దిగండి, దిగండి!" స్టేషన్ ఉద్యోగి కేక.

"నేను దిగను" మాన్-చున్ కమ్మీ పట్టుకుంది.

"నువ్వు ముందు దిగు. నేను వెనక, ఎవరో తెలియనట్టు వస్తాను."

"దేవుణ్ణి అంత తెలివితక్కువవాడు అనుకుంటున్నావా?"

ముసలావిడ మొగుణ్ణి తట్టి లేపింది. "మాకేం భయం లేదమ్మా. పెళ్ళయినవాళ్ళ జోలికి ఆయన రాడు. ఆ పని వాళ్ళే చూసుకుంటారని" అంటూ చక్కగా దిగిపోయింది.

మాన్-చున్ నావైపు తిరిగింది. "పొద్దున్నించీ ఆ జేబు తడుముకుంటూనే ఉన్నావు. తియ్యి."

"అది... టీ దుకాణంలో... కిటికీ పక్క టేబుల్..."

"టీ దుకాణం దాకా మన ప్రేమ బతకద్దా? తియ్యి!"

డబ్బా తీశాను. నేర్చుకున్న నాలుగు ముక్కల్లో ఒక్కటీ గుర్తులేదు. "చున్... నేను... నువ్వు..."

"ఆగు. ముందు నిజం చెప్పు. ఎవరి జొంగ్‌జీ బాగుంది?"

గుడి ఎదుట అబద్ధమాడటానికి నోరు రాలేదు. "వాళ్ళదే. అయినా సరే, బతికినన్నాళ్ళూ మీ అమ్మమ్మ చేసినవే తింటాను. రెండోసారి కూడా అడిగి వడ్డించుకుంటాను. నన్ను పెళ్ళి చేసుకో."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నవ్వు కూడా వచ్చింది. చెయ్యి చాపింది. నేను తొడిగేలోపే ఉంగరం తనే తొడుక్కుంది.

"పెళ్ళి లోపల చేసుకోండి బాబూ, ముందు దిగండి!" అని ఉద్యోగి మొత్తుకున్నాడు.

చెయ్యీ చెయ్యీ పట్టుకుని దిగాం. వానలో తడుస్తున్న గుడి కప్పు వైపు తిరిగి మాన్-చున్ దణ్ణం పెట్టింది. "స్వామీ, మేం ప్రేమికులం కాము. ఇందాకటిదాకా అయ్యుండొచ్చు."

గుడి చూరు కింద నిలబడి, ముసలి జంటతో కలిసి గుత్తి విప్పాం. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ఫోన్ మోగింది.

"ఎక్కడున్నారే?" అమ్మమ్మగారి గొంతు నాకూ వినబడుతోంది.

"గుళ్ళో, అమ్మమ్మా."

"ఏ గుళ్ళో?"

మాన్-చున్ చెప్పింది. ఉంగరం సంగతి కూడా గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. అవతల ముక్కు చీదిన శబ్దం వినిపించింది. "అబ్బాయికివ్వు ఫోను."

అందుకున్నాను.

"నా జొంగ్‌జీలు తిన్నావా అబ్బాయ్? ఎలా ఉన్నాయి?"

పక్కన మాన్-చున్, వెనక లూ తుంగ్-పిన్ స్వామి. నేను గట్టిగా కళ్ళు మూసుకున్నాను.

"వీటిని మించినవి ఎక్కడా తినలేదు అమ్మమ్మగారూ."

అది మా సంసారంలో నా మొదటి అబద్ధం. మాన్-చున్ నా చెయ్యి నొక్కి, ఇంకో ముద్ద ఆకు విప్పి పెట్టింది.