నీలిరంగు ట్యూబు

రైన్ నది ఒడ్డున ఆ పాత జర్మన్ కోట బురుజు మీంచి గోవర్ధన్ కింద పడుతుంటే, అతని పార్ట్‌నర్ ఏజెంట్ ఎజాజ్ ఫొటోలు తీస్తూనే ఉన్నాడు. జల్‌పల్లి డ్రైఫ్రూట్స్ వ్యాపారి వేషంలో టూరిస్టు గుంపుతో వచ్చినవాడు, ముక్కూమొహం తెలియని తోటి ప్రయాణికుడి కోసం గుండెలు బాదుకోడు కదా!

తోసింది ఎవరో చూశాడు. గైడ్ రేఖ. కందుకూరు పిల్ల. ఆమె నవ్వితే బస్సు బస్సంతా నవ్వేది. శత్రుముఠాలో తమ గూఢచారి డిపార్ట్‌మెంట్ రహస్యంగా పెట్టుకున్న మనిషి ఆమె. ఆ క్షణం దాకా.

ఇయర్‌పీస్‌లో చీఫ్ ప్రసన్నలక్ష్మి గొంతు వినిపించింది. "నువ్వు చూశావని ఆమెకు తెలియకూడదు. ముఠా ఇండియాకు పంపుతున్న విషం ఎవరి చేతికి వెళుతుందో తేలేదాకా నవ్వుతూనే ఉండు."

కాలుజారి పడ్డాడని రాసుకుని పోలీసులు గుంపును వదిలేశారు. మర్నాడు బస్సు ఒక చిత్రకారుడి ఇంటికి వెళ్లింది. ఆయన పోయి వందేళ్లయినా కుంచెలు, రంగులంటిన స్టూలు అలాగే ఉన్నాయి.

"భార్య పోయినంక ఆయన ఈ కిటికీ తప్ప ఇంకేం గీయలేదు," అంటూ రేఖ కళ్లు తుడుచుకుంది. తర్వాత కింద దుకాణానికి వెళ్లింది. "వాన వచ్చేటట్టుందా?" అని జర్మన్‌లో అడిగింది. కౌంటర్ మనిషి మారుమాట లేకుండా అడుగు నుంచి రెండు నీలిరంగు ట్యూబులు తీసిచ్చాడు. కోడ్ అదే.

"ఆ ట్యూబుల్లోదే విషం. చర్మానికి తగిలితే చాలు, ప్రాణం పోతుంది," అంది చీఫ్. "టార్గెట్, శంషాబాద్‌లో ఫ్లైట్ ఎక్కబోయే మన రాకెట్ సైంటిస్ట్."

శంషాబాద్‌లో లగేజీ బెల్టు దగ్గర జనం తోసుకున్నారు. రేఖ బయటికి వచ్చేసరికి ఆమె బ్యాగులో ఒకటే ట్యూబు మిగిలింది. రెండోది ఎవరికిచ్చిందో ఎజాజ్‌కు కనబడలేదు.

"వ్యాన్ ఉంది. కందుకూరుల దింపుత, రా," అన్నాడు. ఆమె నవ్వుతూ ఎక్కింది.

తొండుపల్లి దాటాక వ్యాన్ ఆపాడు. గ్లౌజులు తొడుక్కుని, ఆమె చేయి ఒడిసిపట్టి, మిగిలిన ట్యూబు ఆ అరచేతిలో పిండేశాడు.

రేఖ కెవ్వున అరిచింది. ఎజాజ్ జేబులోంచి ఇంజెక్షన్ తీసి చూపించాడు.

"విరుగుడు. పేరు చెప్పు, ఇస్త."

"జర సూది వెయ్యి భాయ్! చెయ్యి సల్లబడుతుంది!"

"పేరు."

"కొండల్! ట్రాలీలు తోసేటోని వేషంల ఉన్నడు. హ్యాండిల్‌కు పూస్తడు!"

ఎజాజ్ ఫోన్‌లో అరిచాడు. టెర్మినల్ ముందు సైంటిస్ట్ ట్రాలీకి చేయి చాపాడు. జానెడు దూరంలో ఉండగా గార్డు దాన్ని బూటుకాలితో తన్నాడు. పారిపోబోయిన కొండల్ డ్రాప్ లేన్‌లో దొరికాడు.

మాట మాటే. ఎజాజ్ సూది గుచ్చాడు.

"గోవర్ధన్‌ను ఎందుకు తోసినవ్?"

"నా మీద ముఠాకు అనుమానమొచ్చి పరీక్ష పెట్టిన్రు. నిన్ను తోయమన్నరు," రేఖ పెదవులు నీలబడుతున్నాయి. "నిన్ను తోయబుద్ధి కాలే."

ఎజాజ్ ఆమె చేయి రుద్దాడు. వేడెక్కలేదు. కాసేపటికి ఊపిరీ ఆగింది.

"మేడమ్, మందు పని చెయ్యలే."

"ఎలా చేస్తుంది? అది ఉత్త సెలైన్. ఆ విషానికి ఇంకా విరుగుడు లేదు."

"ఒకవేళ నాకే అంటుకుంటే?"

"గ్లౌజులు ఇచ్చాం కదా," అంది ప్రసన్నలక్ష్మి. "పారేయకు. స్టోర్స్‌లో వాపసు ఇవ్వాలి."