స్టాప్ బటన్ లేని పేజీ

ఇనుప తలుపుకి బయట తాళం పడింది. పలాసలో మూతపడ్డ జీడిపప్పు ఫ్యాక్టరీ. కిటికీ లేని ఆఫీసు గది. 2003 అక్టోబరు, మధ్యాహ్నం మూడు. ఏజెంట్ జానకిరామ్ బందీ.

ఎదుట కంప్యూటర్లో మత్స్యకారుల వెబ్ పేజీ వాగుతూనే ఉంది. "సముద్రం ప్రశాంతం. వేటకు వెళ్ళండి." అయిపోగానే మళ్ళీ మొదలు. తెరిస్తే చాలు, దానంతటదే మోగుతుంది. ఆపే బటనే లేదు. ఎవడు చేశాడో మహానుభావుడు!

అది నిన్నటి రికార్డింగ్. ఇవాళ తుఫాను హెచ్చరిక రావాలి. నిన్నటిదాకా తన పక్కనే పనిచేసిన మోహిని, విదేశీ ముఠాకి అమ్ముడుపోయి, హెచ్చరిక తీసేసి పాత గొంతు పెట్టింది. నాలుగింటికి సంతబొమ్మాళి తీరంలో నలభై పడవలు కదులుతాయి. మగాళ్ళు లేని ఒడ్డున అయిదింటికి లాంచీ ఆయుధాలు దించుతుంది. రాత్రి తుఫానుకి ఒక్క పడవా తిరిగిరాదు.

బూటులోని ట్రాన్స్‌మిటర్, బల్ల మీది మైకు లాగేసుకుని, ఆ గదిలో ఫోను తీగ తెంచింది మోహిని. "ఈ గొంతు ఆగిందా, నువ్వేదో చేస్తున్నావని అర్థం. వచ్చి కాల్చేస్తా."

మైకు లేకుండా జానకిరామ్ ఆడియో మార్చలేడు. కానీ బ్రీఫింగ్‌లో చీఫ్ చెప్పిన మాట గుర్తొచ్చింది.

"సంతబొమ్మాళి జాలర్ల పెద్ద తవిటయ్యకి ఇంజను హోరుకి చెవులు పోయాయి. అతని పడవ నీళ్ళు తాకకుండా ఆ ఊళ్ళో ఇంకో పడవ దిగదు. అందుకే గొంతు చెప్పే ప్రతి మాటా పేజీ కింద రాయిస్తున్నాం."

పళ్ళతో తీగ ఒలిచి కలిపాడు. మోడెమ్ కీచుమంది. ఆ కీచు బయటికి వినబడకుండా స్పీకరు సౌండ్ పెంచేశాడు.

"ఏమిటా గోల?" బయటి నుంచి మోహిని.

"నీ పేజీయే. ఆపమంటావా?"

"ముట్టుకున్నావో, చచ్చావన్నమాటే!"

పాస్‌వర్డ్ కొట్టాడు. కనెక్షన్ పోయింది. పక్క గదిలో మోహిని అదే లైన్లో ఫోనెత్తింది! మూడూ నలభై. ఆమె నవ్వుతూ మాట్లాడుతూనే ఉంది.  మూడూ యాభై రెండుకి పెట్టేసింది. మళ్ళీ డయల్. ఆడియో అయితే అరగంట పట్టేది. నాలుగు లైన్ల అక్షరాలు చిటికెలో వెళ్ళిపోయాయి.

వేటకి బయల్దేరే ముందు ఊళ్ళో కంప్యూటర్లో పేజీ తెరిచిన కుర్ర జాలరి ఢిల్లీరావు సముద్రం వైపు చెయ్యి చూపించాడు. "ఏటి మావా, ఏటకెల్లమంతంటే ఆగిపోనావు?"

తవిటయ్య స్క్రీన్ మీద వేలు పెట్టాడు. "గొంతు నాకినబడదు గానీ రాత కనబడతంది. తుపానొత్తందని రాసుంది. దొంగ లాంచీ వత్తందని రాసుంది. ఎవరినో పలాసలో మూసీసిన జీడిపప్పు ఫేక్టరీలో బందించేరట. నా పడవ దిగదు. పోలీసులకి ఫోను సెయ్యండి!"

అయిదున్నరకి పోలీసులు తలుపు తెరిచారు. మోహిని చేతులకి బేడీలు. ఒడ్డున ఊరంతా నిలబడి లాంచీని పట్టించింది.

"గొంతు ఒక్క క్షణం ఆగలేదు. నేను వింటూనే ఉన్నాను!" అంది మోహిని, నమ్మలేనట్టు.

"వినడమే చేశావు. కింద చదవలేదు."

"ఇంకెవరినైనా అరెస్టు చెయ్యాలా సార్?" ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

జానకిరామ్ చెవులు రుద్దుకున్నాడు. "దీనికి ఆపే బటన్ పెట్టనివాడు దొరికితే చెప్పండి. వాణ్ణి ఈ గదిలోనే పెడదాం."